నా చీరంచు మీది కాకి

నా వేళ్లకు గీతలు లేవంట. ఈ సంగతి మనుషులు చెప్పలే, మిషన్లు చెప్పినయి. మొదలు చెప్పింది రేషన్ దుకాణంల మిషను. బొటనవేలు పెడితే ఎర్ర లైటు. "తుడుచుకొని పెట్టమ్మా" అంటరు. తుడుచుకొని పెడ్త, మళ్ల ఎర్ర లైటే. "నీ వేలు పడుతలేదు, మీ ఆయనను తోల్కరా పో" అని లైనులకెళ్లి పక్కకు జరుపుతరు. వెనక నిలబడ్డోళ్లు నేనేదో దొంగతనం చేసి దొరికినట్లు చూస్తరు. ఒళ్లు మండుతది. నా బియ్యం తీసుకపోనీకి నేను చాలనంట, ఆయన రావాలెనంట!

పోయినేడు మా బిడ్డ తెచ్చిన ట్యాబు గూడ అదే మాట అన్నది. మా బిడ్డ వనపర్తిల ఒక దవాఖానల నర్సు. సెలవు మీద గద్వాలకొచ్చి, సంచిలకెళ్లి ట్యాబు తీసి నా ఒళ్లె పెట్టింది. "రోజు దీంట్ల నీ ముఖం చూపియ్యమ్మా, చాలు" అన్నది. తాళం పెడదామని నా వేలు పట్టుకొని దాని మీద ఒత్తింది. తిప్పి ఒత్తింది. ఇంకో వేలు ఒత్తింది. పది వేళ్లు అయిపోయినయి. "ఏందమ్మా, ఒక్కటి గూడ పడుతలేదు" అని నా చెయ్యి తిప్పి చూసింది.

గీతలు యాడికి పోయినయో నేను చెప్త. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే కొత్త పడుగు ఎక్కియ్యాలె. పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి, బూడిద అద్దుకొని, బొటనవేలుకు చూపుడువేలుకు నడుమ పెట్టి మెలి తిప్పాలె. ముడి ఉండదు, వట్టి మెలికనే. అట్ల వేల పోగులు, ఒక్కొక్కటి. దీన్ని మేము అచ్చు అతకడమంటం. పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన కాడికెళ్లి అదే పని చేసిన. తర్వాత నాకంటూ ఒక మగ్గం అయింది గని అతికే పని మాత్రం రెండు మగ్గాలకు నాదే. నా గీతలన్నీ ఊర్ల ఆడోళ్ల బీరువలల్ల చీరలై మడతబెట్టి ఉన్నయి. గా మిషన్లకు ఏం తెల్సు!

"వేలు ఒద్దు తియ్, గీత గీసి తెరిచే తాళం పెడ్త" అని మా బిడ్డ తొమ్మిది చుక్కలు చూపెట్టింది. వేలి కొసతోని గీస్తే దానికి సోయే లేదు, అంత మొద్దుబారింది నా వేలు. నాకు కోపమొచ్చింది. వేలు మడిచి కణుపుతోని గీసిన, కిందికెళ్లి మీదికి, మీదికెళ్లి కిందికి, మేము అంచుల మీద నేసే గోపురం లెక్క. టక్కున తెరుచుకున్నది. మా బిడ్డ చప్పట్లు కొట్టింది. నేను మాత్రం ట్యాబు దిక్కు చూసి, "ఇప్పుడు తెలిసిందా నేనెవరో" అన్న.

మా ఆయన తన మగ్గం గుంతల కూసొని అంతా చూస్తుండు. "ఈ వయసుల నీకు పలక కావాల్సొచ్చిందా? అఆలు దిద్దుతవా?" అన్నడు.

"దిద్దుత. నీకేమన్న అడ్డమా?"

"నూలు కండెలు ఎవరు చుట్టాలె మరి?"

"నీకు చేతులు లేవా ఏంది?"

గంతే. మూడు దినాలు మాటల్లేవు. నేనైతే ఆ మూడు దినాలు ట్యాబుతోని మస్తుగ కొట్లాడిన. వానల యాప్ ఒకటి ఉన్నది. ఇయ్యాల గద్వాలల వాన అన్నదని వాకిట్ల ఆరేసిన నూలంతా లోపటికి తెచ్చుకున్న. ఎండ మాడు పగులగొట్టింది. వీడియోల యాప్ తెరిస్తే ఎవరో పిల్ల చీర పట్టుకొని, "ఇది అసలు గద్వాల చీర అండి, మగ్గం మీద రెండు గంటల్ల అయిపోతుంది" అంటది. రెండు గంటలల్ల! నా తల్లీ, రెండు గంటలల్ల నాకు అతుకుల్ల ఒక మూల గూడ కాదు. ఆ పిల్లను పేరు పెట్టి తిట్టాలంటే పేరు తెల్వదు, ఊకనే తిట్టిన. మా ఆయన మూడు దినాల మౌనం ఇడిచి నవ్విండు.

అట్ల తిప్పుకుంట తిప్పుకుంట బొమ్మలు గీసే యాప్ దొరికింది. దాంట్ల గళ్ల కాగితం ఉన్నది. అది చూసి నేను తిప్పుడు ఆపిన. ఎందుకంటే గళ్ల కాగితం మా ఇంటికి ఎప్పుడూ రాలే. మాకు పట్టు, నూలు ఇచ్చి నేపిచ్చుకునే సేటు దగ్గర ఉంటది. డిజైను గీసేది ఆయన మనిషి. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టేది ఇంకో మనిషి. ఆ అట్టలు మగ్గం మీది జాకార్డుకు కడితే ఏ పోగు లేవాల్నో అవే చెప్తయి. ఆఖరుకు మేము అడ్డపోగు ఉన్న నాడె ఆడిస్తం. ఏం బొమ్మ నేస్తున్నమో మమ్ములను అడిగినోడు లేడు. ఎన్ని హంసలు నేసిననో నాకే తెల్వదు. హంసను కండ్లతోని చూసినోళ్లు ఎవరన్న ఉంటే చెయ్యెత్తమనుండ్రి!

నేను కాకిని గీసిన.

అవును, కాకినే. మా అమ్మగారిది ధరూరు. మగ్గం పని లేని దినాలల్ల మా అమ్మ పల్లి చేన్లకు కూలికి పోతుండె. విత్తనం ఏస్తుంటె కాకులు నాగటి సాలు ఎంబడి వచ్చి పల్లిగింజలు తవ్వుకొని తింటుండె. నా చేతికి ఒక రేకు డబ్బా ఇచ్చి వాటిని కొట్టమని నిలబెట్టేటోళ్లు. డబ్బా కొడితే కాకి ఎగురుతది గని పోదు. జర దూరం పోయి గట్టు మీద కూసొని, మెడ తిప్పి, నన్నే చూస్తది. దాని మొండితనం నాకు అప్పుడే నచ్చింది. అందుకే అంచు పొడుగునా పల్లి చెట్లు, మీద ఆకులు, కింద మట్టిల కాయలు, చెట్టుకు చెట్టుకు నడుమ ఒక కాకి. గడి గడికి కణుపుతోని ఒత్తుకుంట గీసిన. చెరిపిన, మళ్ల గీసిన. కాకి ముక్కుకే వారం పట్టింది.

మా ఆయన చూసి నెత్తి పట్టుకున్నడు. "పెండ్లిళ్లకు కట్టుకునే చీర మీద కాకి ఏందే! పిచ్చి గిట్ల లేసిందా?"

"హంస ఎన్నడన్న నీ పెండ్లికి వచ్చిందా? మన పెండ్లి విస్తార్ల కాడ ఉన్నయి కాకులే."

ట్యాబు పట్టుకొని సేటు కాడికి పోయిన. మంచిగనే చూసిండు. పల్లి చెట్టును రెండేళ్లతోని పెద్దగ చేసి చూసిండు. "చెట్టు బాగున్నదమ్మా. కాకి తీసేసి చిలుకను పెట్టు, మా డిజైనాయనకు చెప్పి సాఫ్ చేపిస్త" అన్నడు.

"కాకి ఉంటేనే అది నాది సేటు. చిలుకను పెడితే మీ ఆయనది."

ఆయనకు నవ్వొచ్చింది, నాకు రాలే. అప్పుడు ఆయన ఒక మాట అన్నడు. "సరే, ఒక్క చీర నెయ్యి. మంచిగొస్తే నా మగ్గాలన్నిటి మీద నీ కాకినే ఎక్కిస్త. చెడిపోతే మాత్రం పలక బీరువల పెట్టి బుద్ధిగ నాడె ఆడియ్యాలె. ఇంకోపాలి డిజైను మాట ఎత్తొద్దు."

"ఎత్తను" అన్న.

పట్టు నాదే. మా బిడ్డకు ఒక మంచి చీర నేద్దామని ఏండ్ల నుంచి దాచుకున్నది. అట్టలు కొట్టేటాయన దగ్గరికి నేనే పోయిన. ఆయన ట్యాబు తిప్పి తిప్పి చూసి, "చెల్లే, పక్షి ముఖం ఎటు దిక్కు ఉండాలె? జర ఆలోచించి చెప్పు" అన్నడు. అందరూ నాకు బుద్ధి చెప్పేటోళ్లే అని నాకు మంట. "నేను గీసింది గీసినట్లె కొట్టన్నా. ఒక్క గడి గూడ మార్చొద్దు" అన్న. పాపం, ఆయన అట్లనే కొట్టిండు.

మా మగ్గం మీద చీర బోర్లా పడుకొని ఉంటది. మంచి ముఖం కిందికి, గుంత దిక్కు. మాకు కనిపించేది వీపు. కింద ఎట్ల వస్తుందో చూడనీకి అద్దం పెడ్తరు కొందరు. నేను ట్యాబును ఒళ్లె పెట్టుకొని, ముఖం చూసుకునే కెమెరా తెరిచి పెట్టిన. నా కాకి దాంట్ల నిగనిగలాడుతుండె. మీద ఎటు చూస్తుందో కింద గూడ అటే, నేను గీసినట్లె చూస్తుంది; కొంగేమో ముందుగాలనే నేసి దండెకు చుట్టేసి ఉన్నది. భేష్ అనుకున్న. సాయంత్రమైతే మా బిడ్డకు వీడియో కాల్ చేసి అదే చూపిస్త. "అమ్మా, కాకి అరుస్తదేమో అనిపిస్తుంది" అంటది. నేను జీవితంల ఎన్నడు గంత సంబురంగ మగ్గం ఎక్కలే.

చీర కోసి మగ్గం మీదికెళ్లి తీసి, తిరగేసి, మంచం మీద పరిచినం. మా ఆయన ఒక్క చూపు చూసి, "అయ్యో" అన్నడు.

మా దిక్కు అంచు మీద పక్షి ఎప్పుడూ కొంగు దిక్కు చూడాలె. కొంగుకు వీపు పెడితే ఇంట్ల లక్ష్మి ఎల్లిపోతదంటరు. నా కాకులన్నీ, అన్నంటే అన్నీ, కొంగుకు వీపు పెట్టి కూసున్నయి. నేను ట్యాబుల చీర మంచి ముఖం ఎట్ల ఉండాల్నో అట్ల గీసిన. తిప్పకుండ కొడితే అది వీపు మీద పడ్డది, మంచి ముఖం మీద తిరగబడ్డది. అందుకే అట్టలు కొట్టేటాయన ఎప్పుడూ తిప్పి కొడ్తడంట, ఆ సంగతే ఆయన అడిగిండు. ఇగ అద్దంల, కెమెరల కుడి ఎడమ తారుమారై కనిపిస్తది, అందుకని అది గూడ నన్ను మోసం చేసింది. కాదు, మోసం అది చెయ్యలే. నా నోరు చేసింది. మంచం పట్టె పట్టుకొని చిన్నపిల్ల లెక్క ఏడ్చిన.

"అట్టల ఆయన తప్పు కొట్టిండని చెప్పు, అయిపాయె" అన్నది పక్కింటామె. నాకు మనసొప్పలే. ముఖం కడుక్కొని, ఆ చీరనే కట్టుకున్న. మా ఆయన చెప్పులేసుకొని నా ఎంబడి వచ్చిండు.

సేటు చీర చూసిండు. నవ్వు ఆపుకొని, "చూసినవా అమ్మా? ఎవరి పని వాళ్లు చెయ్యాలె. వీపు తిప్పిన కాకి! కట్టుకున్నోళ్లు ఏమైపోవాలె?" అన్నడు.

"నేను కట్టుకున్న. మంచిగనే ఉన్న" అన్న. "తప్పు నాదే, అట్టల అన్నది కాదు. గని సేటు, మీ డిజైనాయన నెమలికి మూడు కాళ్లు పెట్టిండు గుర్తున్నదా? అప్పుడు అది కొత్త ఫ్యాషన్ అని మా అందరితోని నేపిచ్చిండ్రు. ఆయనను గళ్ల కాగితం బీరువల పెట్టమన్నరా? ఆయన తప్పు చేస్తే ఫ్యాషను, నేను తప్పు చేస్తే పలక బంద్! ఇదేం న్యాయం?"

"మాట మాటే" అన్నడు సేటు. అని, నా దిక్కు చూసుడు బంద్ చేసి మా ఆయనతోని మాట్లాడబట్టిండు. "సోమారం మీ ఇద్దరికి పడుగు పంపిస్త. రెండు మగ్గాల మీద హంసనే."

నేను ఓడిపోయిన. అది నాకు తెల్సు. ఒప్పుకున్న మాట నేనే ఒప్పుకున్న. ఇంకో మాట వస్తే ఏడుపే వస్తదని పండ్లు బిగబట్టుకొని నిలబడ్డ.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. బజార్ల, మనుషుల ముంగట, పెండ్లయినంక ఎన్నడు పట్టుకోలే. నా బొటనవేలు మీద తన వేలు పెట్టి రుద్దిండు, ఆ నున్నటి జాగ మీదనే. "సేటు" అన్నడు మెల్లగ. "డిజైను మాట ఎత్తనని చెప్పింది ఆమె. నేను చెప్పలే. నా మగ్గం మీద కాకి ఎక్కుతది. మీరు పడుగు ఇస్తె ఇయ్యుండ్రి, లేకుంటె లేదు."

సేటు ముఖం తిప్పుకొని లెక్కల పుస్తకం తెరిచిండు. ఈయన నలభై ఏండ్లల్ల సేటుకు ఎదురు మాట్లాడలే. నాకు సంతోషం, భయం రెండూ ఒక్కసారే వచ్చినయి. పడుగు బంద్ అయితే ఏం తినాలె? అయినా ఆ దినం ఆ మాట ఆయన అనకపోతే నేను బతికి ఉండి గూడ లేనట్లె.

ఇద్దరం నడుసుకుంట ఇంటికొచ్చినం. వాకిట్లకు వచ్చినంక చెప్పులిడిచి, నా అంచు దిక్కు చూసి, "ఏమే" అన్నడు.

"ఏంది?"

"గా పలకల కాకిని తిప్పనీకి వస్తదా?"

"వస్తది. ఒక్క గుర్తు ఒత్తితే తిరుగుతది."

"అయితే ఈ పాలి ముఖం కొంగు దిక్కు తిప్పు" అన్నడు. "నా మగ్గం మీద తప్పు పని ఎక్కద్దు."

లోపటికి పోయి ట్యాబు తీసిన. కణుపుతోని గోపురం గీసిన.