తోటికోడలి కడుపులోని కాపురం

లాండ్రీ నడిపే పెద్దకోడలికి లోకంలో కంటగింపైనది ఒక్కటే: చిన్నకోడలి ఆరోగ్యం. చిన్నకోడలు మొక్కల నర్సరీలో పనిచేసేది. ఎరువు కలిపిన చేతులను కట్టుబట్టకే తుడుచుకుని, నేల రాలిన పండును అక్కడే కొరికేది. అయినా ఆమెకు జలుబన్నది ఎరుకలేదు. వానలో తడిసివచ్చి హాయిగా గురకపెట్టే ఆ మనిషిని చూసినప్పుడల్లా పెద్దకోడలి కళ్లలో నిప్పులు పోసినట్లయ్యేది.

పెద్దకోడలు గుమ్మాన్ని సైతం మందునీళ్లతో కడిగేది. గొంతు గరగరలాడితే చాలు, వైద్యుని అడగకుండానే యాంటీబయాటిక్ తెప్పించి మింగేది. ఆ అలవాటే కడకు ప్రాణం మీదికి తెచ్చింది. విరేచనాలు పట్టుకున్నాయి, మందు మార్చినప్పుడల్లా తగ్గినట్లే తగ్గి తిరగబెట్టాయి. ఆమె ఆరవేసిన చొక్కావలె వేలాడిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ విడమరచి చెప్పింది.

"మనిషి లక్షల ఏళ్లు మట్టిలోనే పెరిగాడమ్మా. పేగుల్లోని సూక్ష్మజీవులు అప్పటినుంచీ మనతో కాపురం చేస్తున్నవే. మీరు మింగిన మందులు వాటిని ఖాళీ చేయించాయి. ఆ ఖాళీ ఇంట్లో ఓ చెడ్డక్రిమి తిష్ఠ వేసింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలాన్ని పరీక్షించి, వడగట్టి, అందులోని మంచి క్రిములను మీ పేగుల్లోకి ఎక్కించాలి. లేకపోతే ప్రాణానికే ముప్పు."

భర్తదీ మరిదిదీ పరీక్షలో నెగ్గలేదు. నెగ్గినది చిన్నకోడలిది.

"చచ్చినా వద్దు! అది ముట్టిన గ్లాసే మళ్లీ కడుక్కుని తాగేదాన్ని. ఇప్పుడు దాని..." పెద్దకోడలు మాట మింగేసింది.

"వెండిపళ్లెంలో వడ్డిస్తానన్నానా అక్కా? రోజూ వదిలించుకునేదేగా!" అని చిన్నకోడలు నవ్వింది. "బతికుంటేనే కదా నువ్వు నన్ను తిట్టేది!"

"నా గతి చూసి సంబరంగా ఉందా నీకు?"

"ఉండదూ? ఇన్నేళ్లకు నా దగ్గరున్నదేదో నీకు కావాల్సొచ్చింది."

ఆ మాట పెద్దకోడలికి ముల్లులా దిగింది. నిజం గనుకనే దిగింది. ఆమె ఇన్నేళ్లూ కుళ్లుకున్నది దానికే కదా! గోడవైపు తిరిగి, "కానివ్వండి" అన్నది.

కొద్దిరోజులకే కడుపు కుదుటపడింది. ముఖాన కళ వచ్చింది. ఈలోగా చిన్నకోడలు, "మా అక్కను లోపలినుంచి కాచుకుంటున్నది నేనే" అని నర్సరీకి వచ్చినవారందరికీ చెప్పుకున్నది. ఆ ప్రచారం లాండ్రీకి చేరనే చేరింది.

పెద్దకోడలు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తిన్నగా నర్సరీకి నడిచి, మడిలో చిన్నకోడలి ఎదుట గొంతుక్కూర్చున్నది.

"ఏం తింటావే నువ్వు? ఒక్కటీ దాచకుండా చెప్పు."

"ఎందుకక్కా?"

"ఆ క్రిములిప్పుడు నావి. నీ దగ్గరకంటే నా దగ్గరే ఒళ్లు చేయాలి."

అని, తడిమట్టిలోకి వేళ్లు గుచ్చింది.