నా శోకాన్ని తనవైపు తిప్పుకున్న ప్రభువు

సహోదరులారా, అక్కలారా, మీ అందరికీ వందనాలు. పోయిన మనిషి కోసం ఏడ్చి ఏడ్చి, బతికి ఉన్న బిడ్డను పోగొట్టుకోబోయిన తల్లిని నేను, నన్ను దేవుడు ఎట్లా విడిపించినాడో చెప్తాను వినండి.

మాది బేస్తవారిపేట పక్క పల్లె. మదరాసు నుంచి విడిపోయి మనకు కర్నూలు రాజధాని అయిందని సంతలో అందరూ చెప్పుకుంటున్న ఏడాది నా పెనిమిటి జ్వరంతో కన్నుమూసినాడు. మా వైపు ఆడవాళ్ళు పోయినవాళ్ళతో మాట్లాడినట్టే రాగం తీసి శోకాలు పెడతారు కదా, నేనూ పెట్టినాను, అయితే దినాలు అయిపోయినా నా శోకం ఆగలేదు, పొద్దుగూకితే చాలు, కూలి నుంచి వచ్చి గడపలో కూలబడి, నన్నిడిసి ఎట్ల పోతివి రాజా అని ఎత్తుకుంటే గొంతు పూడుకుపోయేదాకా వదిలేదాన్ని కాను. ఈ బొంగురు గొంతు అప్పుడు వచ్చిందే. మొదట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చున్నారు, తర్వాత తలుపులు వేసుకున్నారు. "డేరా సినిమాలో గూడా ఇంత ఏడుపు లేదు గదొదినా" అని ఎదురింటామె ఎగతాళి చేసింది. విశ్వాసులు ఇట్లా ఏడవకూడదని సంఘపెద్ద మందలించినాడు. మానాలని నాకూ ఉండేది, కానీ పొద్దు వాలితే నా నోరు నా మాట వినేది కాదు.

దొనకొండ నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. ఇదంతా చూసి, పిల్లను నేను తీసుకుపోయి పెంచుకుంటానన్నది. బడికి పోతున్న నా ఒక్కగానొక్క బిడ్డ సుగుణమ్మ! దాన్నే అడుగు, నన్ను వదిలి రాదు అన్నాను ధీమాగా.

"నేను అత్తతో పోతానమ్మా," అన్నది బిడ్డ. "ఈడ నాయన రోజూ చచ్చిపోతాండాడు."

 మరునాటి రైలుకు ప్రయాణమని ఆడబిడ్డ దాని గుడ్డలు మూట కట్టింది.

ఆ సాయంత్రం, సంఘంలో వాక్యం చెప్పే రత్నమ్మక్క వచ్చింది. ఈమె కూడా మానమనే చెప్తుందనుకున్నాను. ఆమె నా పక్కనే నేల మీద కూర్చున్నది.

"ఏడువు చెల్లీ. ప్రభువు గూడా స్నేహితుని సమాధి కాడ ఏడ్చినాడు. కానీ పోయినాయన నీకు బదులు చెప్పలేడు గదా. అదే రాగంలో ఈ ప్రభువుకు చెప్పుకో."

అదే రాగం ఎత్తుకున్నాను. పెనిమిటితో అయితే, ఎందుకు పోయినావన్న ఒక్క మాటే తిప్పి తిప్పి అనేదాన్ని, ప్రభువుకు మాత్రం ఇంటి సంగతులన్నీ చెప్పుకోవలసి వచ్చింది. "ప్రభువా, జొన్నలున్నా రొట్టె చేసే దిక్కు లేదయ్యా, బిడ్డ ఆకలితో పండుకుంటాంది, బిడ్డ తల దువ్వక చిక్కు కట్టింది ప్రభువా" అంటూ అక్కడే ఆగిపోయినాను. తిరిగి చూస్తే బిడ్డ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది, తల నిజంగానే చిక్కు కట్టి ఉన్నది. రోజూ కళ్ళ ముందు తిరిగే బిడ్డను నేను చూసింది ఆ సాయంత్రమే! దేవునికే మహిమ! రాగం మధ్యలో వదిలేసి, ఆముదం, దువ్వెన తెచ్చి, బిడ్డను ముందర కూర్చోబెట్టుకుని, తక్కిన మాటలు ప్రభువుకు మెల్లగా చెప్పుకుంటూ చిక్కు తీసినాను. తర్వాత పొయ్యి వెలిగించి రొట్టెలు చేసినాను. రత్నమ్మక్క తన ఇంటికి పోయినాక ఆడబిడ్డా, బిడ్డా, నేనూ ముగ్గురమూ తిన్నాము.

పొద్దున ఆడబిడ్డ మూట ఎత్తుకున్నది.

"సెలవులకు వస్తాలే అత్తా," అన్నది సుగుణమ్మ నా వెనక నిలబడి.

ఆడబిడ్డ నన్ను ఒకసారి చూసి, మూట విప్పి, గుడ్డలు దండెం మీద వేసి, ఒక్కతే రైలుకు పోయింది.

ఏడుపు ఒక్కనాటితో పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ పొద్దుగూకితే ఆ రాగం నోటికి వస్తుంది, అయితే ఆయనకు చెప్పుకుని లేచి వంట చేస్తాను. నాకు చదువు అంతంతమాత్రం, ఈ మాటలు రాస్తున్నది సుగుణమ్మే, మెల్లగా చెప్పమ్మా, చెయ్యి అందుకోలేదని విసుక్కుంటున్నది కూడా. బిడ్డ విసుగు వినే భాగ్యం ఇచ్చిన దేవునికి స్తోత్రం! దుఃఖంలో ఉన్న నా అక్కలారా, మీ ఏడుపును దాచుకోకండి, ఆయనకే చెప్పుకోండి. ఆయన వింటాడు, విని మిమ్మల్ని మీ బిడ్డల దగ్గరికి పంపుతాడు.