లూజు, రిలీజు

“లూజు చెయ్యి అమ్మాయ్, మీ అమ్మ మెడ నలిగిపోద్ది.”

“లూజు చేస్తా. రిలీజు మాత్రం చెయ్యను మామయ్యా.”

పెళ్లయి రొంపిచెర్లకు కాపురానికి బయలుదేరిన రోజున, మాచర్ల స్టేషనులో అమ్మ మెడ వాటేసుకుని రైలెక్కకుండా నిలబడ్డాను. అప్పుడు పక్కింటి మామయ్యా నేనూ అనుకున్న మాటలివి. ఇవే ఆఖరివి. మళ్లీ పుట్టింటికి వచ్చేసరికి ఆయన లేడు.

ఆ ఇంగ్లీషు ముక్కలు నేను బడిలో నేర్చుకోలేదు. మా బర్రె దగ్గర నేర్చుకున్నాను.

నా చిన్నప్పుడు, దూరదేశాల్లో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మా ఇల్లు స్టేషను వెనకాలే ఉండేది. పట్టాలు మాచర్లతో ఆగిపోతాయి కాబట్టి వచ్చిన ప్రతి బండికీ ఇంజను విప్పి రెండో వైపు తగిలించాలి. మామయ్యది ఆ పని. అత్తయ్య ఇచ్చిన సద్ది పట్టుకెళ్లి, ఆయన చేసేది చూస్తూ నిలబడేదాన్ని. ఇంజనునూ పెట్టెలనూ కలిపే కొక్కెం బిగుసుకుంటే ఆయన దానితో కుస్తీ పట్టేవాడు కాదు. ఇంజనును పెట్టెల వైపే కాస్త నెట్టమని డ్రైవరుకు చెయ్యి ఊపేవాడు. కొక్కెం సడలగానే “లూజు!” అని కేకేసేవాడు. దాన్ని ఎత్తి పక్కకు పడేసి “రిలీజు!” అనేవాడు. విడదీయాల్సిన దాన్ని దగ్గరికి నెట్టడమేమిటో నాకు బోధపడేది కాదు.

మా నాన్న అప్పటికే పోయాడు. ఆ బర్రె పాలే మా ఇంటికి కూడు. ఒకనాటి పొద్దున ఇంజను కూతకు బెదిరి అది గుంజ చుట్టూ తిరిగింది. పలుపు గుంజకు చుట్టుకుని మెడకు బిగిసింది. బెదురుతో వెనక్కి తన్నుకునే కొద్దీ ఇంకా బిగిసి, గుడ్లు తేలేసి, నాలుక బయటపెట్టింది. అమ్మ కొడవలి తెచ్చింది. మా నాయనమ్మ అడ్డం పడింది.

“కొయ్యమాకే! పాడిబర్రె పలుపు కోస్తే ఇంట్లో పాడి నిలవదు!”

“అది చస్తే నిలుస్తదా ఏంది!”

ఇద్దరూ అరుచుకుంటూనే కొమ్ములు పట్టి వెనక్కి లాగుతున్నారు. మామయ్య దడి దాటి వచ్చాడు.

“లాగమాకండే! అమ్మాయ్, తవుడు బుట్ట తే. గుంజ మొదట్లో పెట్టు.”

నేను పరిగెత్తి తెచ్చి పెట్టాను. బుట్ట చరిచి, రోజూ పిలిచినట్టే పిలిచాను. ఆయన బర్రె వెనక భుజం ఆనించి ముందుకు నెట్టాడు. అది ఒక్క అడుగు వేసింది. పలుపు సడలింది.

“లూజు,” అన్నాడు, స్టేషనులో అన్నట్టే. ముడిలో వేలు దూర్చి విప్పి, “రిలీజు” అన్నాడు. బర్రె దగ్గి, తుమ్మి, తవుడంతా మా మీద చల్లింది.

“బర్రెకు గూడా ఇంగిలీషు నేర్పావా అన్నయ్యా!” అని అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఆనాడే నాకు తెలిసింది. బిగిసినదాన్ని దూరం లాగితే ఊపిరి పోతుంది. దగ్గరికి పోతేనే సడలుతుంది. సడలాక విప్పాలో అట్లాగే ఉంచుకోవాలో మన చేతిలో ఉంటుంది.

నా పెనిమిటి పోయినప్పుడు ఊరంతా నన్ను అటూ ఇటూ లాగింది. మర్చిపో అన్నారు, ఆయన మంచం ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. ఇవ్వలేదు. ఆ మంచం మీదే పడుకున్నాను. ఆయన నాగలి నేనే పట్టించి, ఆయన వేసిన చేలోనే మిరప వేయించాను. గొంతులో బిగిసింది కొన్నాళ్లకు సడలింది. అన్నం దిగింది. విప్పి పారెయ్యలేదు. ఈనాటికీ నాతోనే ఉంది, మెడకు ఒరుసుకోకుండా.

ఏమే మనవరాలా, కలం ఆపావేంది? కళ్లు తుడుచుకుని మొదటినుంచి చదువు. మామయ్య కేక ఆయన వేసినట్టే వెయ్యాలి, నీళ్లు నమలమాక.