కింద సముద్రం లేదు

కోలారు జిల్లాలో అందరూ వాన కోసం ఎదురు చూసేవాళ్లు. మా లైన్లో మాత్రం వానకు భయపడేవాళ్లం.

లైను అంటే గని కార్మికులకు కట్టించిన ఇళ్ల వరుస. ఒక గది, దానికి ముందు తడికెల వసారా, అంతే ఇల్లు. మా వరుసలో ఆఖరి ఇల్లు మాది. దాని వెనక ఒక పెద్ద కేక వేస్తే వినిపించేంత దూరంలో సైనైడు గుట్ట ఉండేది. మిల్లులో రాయిని పిండి చేసి, సైనైడు నీళ్లతో బంగారాన్ని లాగేశాక మిగిలిన బురదను ఎన్నో ఏళ్లపాటు అక్కడ పోశారు. ఎండితే అది రాగి పిండి కంటే మెత్తన. ఆషాఢం గాలికి లేచి అన్నంలో పడేది, ఉతికి ఆరేసిన బట్టలను తెల్లగా చేసేది. వాన వస్తే అదే పిండి జారి మా ఇళ్లలోకి దిగేది. గుట్ట అడుగున గుంటల్లో నిలిచిన నీళ్లు తాగి మేకలు అక్కడికక్కడే పడిపోవడం మేమందరం చూసినవాళ్లమే. బిడ్డలకు నడక వచ్చీరాగానే ఆ వైపు పోకూడదని నేర్పేవాళ్లం. మాకు తెలియక జరిగింది కాదని చెప్పడానికే ఇదంతా ముందుగా రాస్తున్నాను.

నేను దీపాల గదిలో పని చేసేవాణ్ణి. గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం నా పని. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా ఊళ్లో ఉన్న లైబ్రరీలో చదివిందే. అక్కడ తెలుగు పుస్తకాలు ఒకే ఒక బీరువాలో ఉండేవి. అవి అయిపోయాక కన్నడ అక్షరాలు నేర్చుకున్నాను, ఆ తర్వాత తమిళం కూడబలుక్కున్నాను. భూగోళం, పురుగులు, పాత యుద్ధాలు, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. ఇది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. అప్పుడైతే మరీ లేదు.

కంపెనీ గవర్నమెంటు చేతికి వచ్చాక ఇలాంటి ఇబ్బందులన్నీ తీరిపోతాయని అనుకున్నాం. లైను తరఫున నేనే అర్జీ రాశాను. అర్జీ పట్టుకుని మూడు ఆఫీసులు తిరిగాను. గుట్ట కంపెనీది, మురుగు పోయే మోరీ మునిసిపాలిటీది, కింద పారే వంక పంచాయతీది అన్నారు. వాన ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

అందుకని ఏటా వానలకు ముందు ఒక ఆదివారం ఇంటికొక మనిషి చొప్పున వచ్చి గోనె సంచులతో కట్ట వేసుకునేవాళ్లం. సంచుల్లో నింపేది కూడా గుట్ట మన్నే. దగ్గరగా ఉండేది, పారకు సులభంగా వచ్చేది. రెండు వానలు పడేసరికి మన్నంతా కుట్లలోంచి కారిపోయి సంచులు ఖాళీ అయ్యేవి. మళ్లీ ఏడాది మళ్లీ అదే పని.

ఆ ఏడు నేను లైబ్రరీలో సముద్రతీరపు ఊళ్ల గురించి ఒక పుస్తకం చదివాను. వరద వచ్చి ఇళ్లు మునిగితే అక్కడి జాలరులు కట్టలు వేసుకోరట. ఇసుక తిన్నెకు గండి కొట్టి నీళ్లను సముద్రంలోకి వదిలేస్తారట. నేను అప్పటికి సముద్రం చూడలేదు. అయినా ఆ పేజీ చదవగానే నా ఒళ్లు ఝల్లుమంది. ఇంతకాలం మాకెవరికీ ఈ ఆలోచన ఎందుకు రాలేదా అనుకున్నాను.

ఆదివారం అందరూ సంచులతో వచ్చారు. మా పక్కింటి మేస్త్రి అందరికంటే ముందున్నాడు. గని లోపల రాళ్లు కూలకుండా దుంగలు నిలబెట్టే మనుషులకు ఆయన పెద్ద.

"ఏమప్పా లైబ్రరీ, ఈ తూరి బుక్కులో ఏముండాది? సంచులకు గుండీలు కుట్టమన్నారా?"

"కట్ట వద్దన్నా. కాలవ కొడదాము. నీళ్లకు అడ్డం పడితే మనమీదికే వస్తాయి. దారి చూపిస్తే పోతాయి."

"యాడికి పోతాయి?"

"కిందికి."

"కిందికంటే?"

"వంకలోకి, ఇంగ యాడికి?"

"అదీ మాట!" అన్నాడు మేస్త్రి. వంక ఎక్కడికి పోతుందని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. రెండు ఆదివారాలు అందరం తవ్వాం. నేను కాగితం మీద గీసుకొచ్చిన గీత ప్రకారమే కాలువ వచ్చింది. లైన్లో ముసలివాళ్లు కూడా నన్ను నిలబెట్టి పలకరించడం మొదలుపెట్టారు.

మా లైనుకు పాలు తెచ్చేది వంక దిగువనున్న పల్లెలో ఉండే ఒక రైతు భార్య. మేమందరం ఆమెను పాలక్క అనేవాళ్లం. రెండు ఆవులు, కొంచెం రాగి చేను, అదే వాళ్ల బతుకు. రోజూ తెల్లవారి క్యాను నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. పాలు పలచన అని నా భార్య రోజూ దెప్పేది. ఆమె రోజూ ఒకటే జవాబు చెప్పేది.

"నీళ్లు కలిపేదానికి మాకు నీళ్లు యాడుండాయమ్మా? మా కుంటలో కప్ప మునిగేదానికి కూడా లేవు."

కాలువ తవ్విన వారానికి మొదటి పెద్ద వాన కురిసింది. తెల్లవారి లేచి చూస్తే మా ఇంట్లో నేల పొడిగా ఉంది. లైన్లో ఎవరింట్లోనూ చుక్క బురద లేదు. మేస్త్రి వసారాలోంచే నాకు దండం పెట్టాడు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి అందరి మెప్పూ అందుకుంటున్నాను.

పాలక్క ఆలస్యంగా వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఏమక్కా, ఈ పొద్దు పాలల్లో నీళ్లు కలిపినావా?" అని అడిగింది నా భార్య.

"ఈ పొద్దయితే కలపొచ్చమ్మా! మా కుంట నిండిపోయినాది. ఎన్నేండ్లకో! వంకలోంచి అట్ల దూకినాయి నీళ్లు. తెల్లగా ఉండాయి, మజ్జిగ మాదిరి. మా ఆయప్ప అప్పుడే ఆవులు తోలుకపోతా ఉన్నాడు తాపిద్దామని."

మాది ఎర్రమట్టి నేల. కొత్త నీళ్లు ఎప్పుడూ ఎర్రగానే వస్తాయి. తెల్లగా అనే మాట విన్నాక ఆమె తర్వాత ఏం చెప్పిందో నాకు వినిపించలేదు. గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. సైకిల్ తీసుకున్నాను.

"యాడికప్పా? పాలు పోసుకోకనే?" అని ఆమె వెనక నుంచి అరిచింది.

దారంతా జారుడు. రెండుసార్లు పడ్డాను. పడినప్పుడల్లా వంకలో నీళ్ల చప్పుడు వినిపించేది. అవి నాకంటే ముందు పోతున్నాయి. సముద్రం పెద్దది, ఎంత వదిలినా కలుపుకుంటుంది. ఇక్కడ కింద సముద్రం లేదు, ఈమె కుంట ఉంది. ఆ కుంట గురించి ఆమె మా గుమ్మంలో నిలబడి రోజూ చెప్పింది. నేను రోజూ నవ్వాను. ఇంకేమీ ఆలోచించలేకపోయాను.

కుంట దగ్గరికి చేరేసరికి ఒక ఆవు గట్టున ఉంది. రెండోది, పెద్దావు, నీళ్లలో మూతి పెట్టి ఉంది. నేను సైకిల్ పడేసి దాన్ని చేతులతో బాదాను. పాలక్క ముసలి భర్త ముల్లుకర్ర ఎత్తి నా మీదికి వచ్చాడు.

"ఎవురప్పా నువ్వు? ఆవునేలప్పా కొడతాండావు?"

"తాపొద్దు మామా! ఇవి సైనైడు గుట్ట నీళ్లు. ఎంత తాగినాది?"

"గుట్ట నీళ్లు మా కుంటకు ఏలొస్తాయి? మా తాత కాలం నుంచీ రాలేదే!"

ఇద్దరం కలిసి ఆవును గట్టెక్కించాం. కొంచెంసేపు బాగానే నిలబడింది. అంతా నా భయమేనేమో అనుకున్నాను, అలా అనుకోవాలని ఎంతో ఆశపడ్డాను. అంతలో దాని నోట్లోంచి చొంగ కారడం మొదలైంది. డొక్కలు ఎగిరెగిరి పడ్డాయి. ముందుకాళ్లు మడిచి కూలబడిపోయింది.

"జొన్న పిలకలు మేసినట్ల చేస్తాండాదే!" అని ముసలాయన ఇంటివైపు పరుగెత్తాడు. బెల్లం, బావి నీళ్లు, వెదురు గొట్టం తెచ్చాడు. నేను ఆవు తల ఎత్తి పట్టుకున్నాను, ఆయన బెల్లం నీళ్లు గొంతులోకి పోశాడు. లేత జొన్నలో ఉండేదీ అదే విషమని నేను చాలా కాలం తర్వాత చదివాను. ఆయన చదవకుండానే బెల్లం కోసం పరుగెత్తాడు. అయినా అది చాలుతుందని ఆయనకూ నమ్మకం లేదు. గొట్టం ఖాళీ అయినప్పుడల్లా వంగి ఆవు కళ్లు చూస్తున్నాడు.

పాలక్క సగం పాలు క్యానులోనే ఉండగా తిరిగి వచ్చేసింది. గుట్ట నీళ్లని భర్త చెప్పాడు. ఆమె ఆవును చూసి ఏడవలేదు. తల ఒడిలో పెట్టుకుని చెవుల దగ్గర నిమురుతూ కూర్చుంది.

"ఎవురు చేసినారప్పా ఈ పని? వంకకు గుట్ట నీళ్లు ఎవురు తిప్పినారు?"

అబద్ధం చెప్పడానికి అవకాశం ఉంది. కంపెనీ అనొచ్చు, వాన అనొచ్చు.

"నేనే కాలవ కొట్టించినానక్కా."

ఆమె నిమరడం ఆపింది. "మా కుంట ఉండేది నీకు తెలీదా? దినామూ నేను చెప్పినాను కదా."

"తెలుసక్కా."

"తెలిసే?"

ముసలాయనే మధ్యలో కలగజేసుకున్నాడు. "ఇంగ మాట్లాడి ఏం లాభం? ఆ మబ్బు చూడు. పోయి మూసిరాపో. ఊళ్లో ఆవులు శానా ఉండాయి. ఈ దినం నేను కుంట కాడ కాపలా ఉంటాను. ఎన్ని దినాలని ఉండేది?"

దక్షిణాన ఆకాశం నల్లబడుతోంది. ఆవు ఇంకా ఊపిరి తీస్తోంది. అంతే తెలుసుకుని నేను బయల్దేరాను.

మా లైన్లో నేను గడ్డపార తీసుకోవడం చూసి మేస్త్రి అడ్డం వచ్చాడు. విషయం విన్నాడు. వినేకొద్దీ ఆయన ముఖం బిగుసుకుపోయింది.

"మూసేస్తే నీళ్లు యాడికొస్తాయో తెలుసునా?"

"మన ఇండ్లల్లోకి."

"నీ ఇంట్లోకే ముందు."

"తెలుసన్నా."

"తెలిస్తే సుమ్నే, గమ్మునుండు! కొట్టమన్నప్పుడు కొట్టినాము, ఇప్పుడు మూయమంటే మూసేదా? మేమేమన్నా నీ బుక్కులో బొమ్మలా? ఎవురిదో ఆవు పడిందని మా బిడ్డలు ఆ బురదలో పండుకోవాల్నా?"

ఆయన మాటలో తప్పు లేదు. ఆ బురద మా బిడ్డలకూ విషమే. చుట్టూ చేరినవాళ్లంతా ఆయన మాటకే తలలూపుతున్నారు. అప్పుడు నా భార్య వసారాలోంచి వచ్చింది.

"మేస్త్రన్నా, మీ మనవరాలు తాగేది ఎవురి పాలు?"

మేస్త్రి తన వసారా వైపు చూశాడు.

"రేపు ఆ కుంట నీళ్లు తాగిన ఆవు పాలు తెచ్చి పోస్తే పాపకు తాపిస్తారా మీరు?"

మేస్త్రి నేల మీద ఉమ్మి లోపలికి పోయాడు. ఇక రాడనుకున్నాను. నేనూ నా భార్యా కాలువ దగ్గరికి పోయి సంచులు నింపడం మొదలుపెట్టాం. ఆ తొందరలో నేను మళ్లీ గుట్ట మన్నే నింపుతున్నాను. వెనక నుంచి సంచిని ఎవరో కాలితో తన్నారు.

"మన్ను గాదు. రాయి. ఎన్నేండ్లు చదివితే తెలుస్తుందప్పా నీకు?"

మేస్త్రి తన మనుషులు నలుగురిని తెచ్చాడు. గనిలోంచి తీసి పారేసిన రాళ్లు గంపలతో మోశారు. పాత దుంగలు అడ్డంగా దిగేసి, వాటి వెనక రాళ్లు పేర్చారు. పని చేసినంతసేపూ ఆయన నన్ను తిడుతూనే ఉన్నాడు. నాకు అది ఊరటగానే అనిపించింది. ఆడవాళ్లు బిడ్డలనూ సామాన్లనూ ఎత్తుకుని పై లైన్లో చుట్టాల ఇళ్లకు చేర్చారు. పొద్దు వాలుతుండగా కాలువ మూసుకుంది. దీపాలు పెట్టే వేళకు వాన మొదలైంది.

మొదట నీళ్లు కట్ట దగ్గర ఆగాయి. తర్వాత పక్కకు తిరిగి మా ఇంటి వెనక గోడ కిందనుంచి సన్నగా లోపలికి వచ్చాయి. నేను మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని చూశాను. మా ఇంట్లోకి వచ్చిన ప్రతి చుక్కా ఆ కుంటకు పోనిది అనుకున్నాను. అలా అనుకుంటే ధైర్యం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆవు బతికిందో లేదో తెలియదు. పొద్దున్న ఒకసారి కుంటలో కలిసిన నీళ్లు ఎన్నాళ్లు అలాగే ఉంటాయో అసలే తెలియదు.

తెల్లవారి నేను పారతో బురద ఎత్తి బయట పోస్తుంటే పాలక్క వచ్చింది. నెత్తిన క్యాను లేదు. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది. మంచం కాళ్లు బురదలో ఉండడం చూసింది.

"లేసినాదా అక్కా?" అని అడిగాను.

"లేసినాది. మాపటేళ నెమరేసినాది. గడ్డీ కసువూ ముట్టలేదు గానీ, లేసినాది." చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. "పాలు పిండి పారబోసినాను ఈ పొద్దు. దూడను గూడా కట్టేసినాను, తాగకుండా. అరస్తా ఉండాది పాపం. నువ్వు శానా చదివినవాడివి కదా, అడిగిపోదామని వచ్చినాను. ఇంగ ఎన్ని దినాలకు మంచివవుతాయప్పా పాలు? కుంట ఎన్ని దినాలకు?"

ఏదో ఒక సంఖ్య చెబితే ఆమె నమ్మేది. మూడు రోజులు అంటే మూడు రోజులు, నెల అంటే నెల. అలా చెప్పడం నాకు అలవాటే.

"నాకు తెలీదక్కా."

ఆమె అర్థం కానట్లు నా వైపు చూసింది. గుమ్మం మీద తడి లేని చోటు వెతుక్కుని కూర్చుంది. కొంచెంసేపు ఆలోచిస్తే నాకు తెలుస్తుందని ఆమె నమ్మకం. నేను పార పట్టుకుని అలాగే నిలబడ్డాను. పల్లెలో దూడ ఆకలికి అరుస్తూ ఉంటుంది. ఆమె లేవలేదు.