అమ్మ గాజుల సైజు

మురళీ, జవాబు లేటయింది, ఏమనుకోకురా. తుంటి విరిగి నెలల తరబడి మంచంలో ఉన్న మా అమ్మకు మదనపల్లె ఆసుపత్రిలో మళ్ళీ నడక నేర్పిస్తున్నారు. ఈ రోజూ పుంగనూరు నుంచి తీసుకెళ్ళాను. ఫిజియో ఆమె పిక్క చుట్టూ టేపు పెట్టి, కండ ఇంకా తగ్గిందని నాతో మెల్లగా చెప్పాడు.

బయటికొచ్చి, "కండ పెరిగిందంట మా" అన్నాను.

అమ్మ చెయ్యెత్తింది. గాజులన్నీ మోచేతి దాకా జారాయి.

"గాజులంగడి పెట్టుకోనుండావు, నాకే తప్పు సైజు సెప్తావా నాయనా?" అని నవ్వింది.

సాయంత్రం అంగడిలో వెతికితే, ఆమెకు సరిపోయే గాజులు చిన్నపిల్లల డబ్బాలో దొరికాయి.

అవి తొడుగుతుంటే అంది: "మురళిని రమ్మను. నేనే లేసి నిలబడి కాఫీ పెడతా."

ఎప్పుడొస్తావురా?