చిగుళ్ళ రంగు పీఠాలు

మా వీధిలో కట్టుడు పళ్ళు చేసే ఆయనకు ఇంటి వెనక గొయ్యి తవ్వుతుంటే బంగారు నాణేల బిందె దొరికిందట. అందుకే వాళ్ళావిడ ఈ మధ్య పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోందట. ఈ మాట మా మెట్ల దగ్గర మొదలై, మందుల షాపు దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి బిందె కాస్తా రెండు బిందెలైంది.

నాణేల మాట నిజమే. కాకపోతే బంగారం కాదు, జింకూ ఇత్తడీ. కథల్లో, సినిమాల్లో, కంప్యూటర్ ఆటల్లో తప్ప ఎక్కడా లేని రాజ్యాల నాణేలను ఆయన కూడబెడతాడు. మూడు చందమామల దేశపు అర్ధరూకలు, సముద్రం అడుగున ఉండే దొరల సుంకం బిళ్ళలు పోస్టులో వస్తుంటాయి. వాటిని భూతద్దం కింద పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తాడు. పళ్ళు కట్టించుకోవడానికి వచ్చిన ముసలాయన మాత్రం అంతసేపూ నోరు తెరుచుకుని కూర్చోవాల్సిందే.

ఒకరోజు అలా చూస్తూ చూస్తూ మొహం మాడ్చుకున్నాడు.

"మోసం చేశారే. ఇది దొంగ నాణెం. అసలు దాంట్లో గద్దకి నాలుగు గోళ్ళుంటాయి. దీనికి ఐదున్నాయి."

"లేని రాజ్యానికి దొంగ నాణెం ఏంటండీ?" అంది ఆవిడ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నీకు తెలీదులే."

ఆ చెయ్యి ఎందుకంటే, స్నానాల గది గడప దగ్గర జారిపడి ఆవిడకు ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. సరిగ్గా అప్పుడే ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. వచ్చేపోయేవాళ్ళకు దారి చెప్పే కిటికీ దగ్గర రోజంతా మాట్లాడే పని. సోమవారం చేరాలి.

"చెయ్యి అడ్డం పెట్టుకుని చెబితే కాలు విరిగినవాళ్ళు కాన్పుల వార్డుకి పోతారు. పళ్ళు లేకుండా నేను వెళ్ళను వదినా" అని మా అమ్మతో తెగేసి చెప్పింది.

మొగుడు చేసేది పళ్ళు కట్టే పనే కాబట్టి దీనికి చింతేముందని మేమంతా అనుకున్నాం. ఆయన ఆవిడ పళ్ళ అచ్చు తీశాడు, అలమారలో పెట్టాడు, మరిచిపోయాడు. ఆదివారం నాణేలవాళ్ళ ప్రదర్శన ఉంది మరి. కట్టుడు చిగుళ్ళకు వాడే గులాబీ రంగు పొడి డబ్బా నిండా ఉంటే, అదంతా కలిపి నాణేలకు పీఠాలు పోశాడు. లేని రాజులందరూ చిగుళ్ళలోంచి మొలిచినట్టు వరసగా నిలబడ్డారు.

"మరి నా పళ్ళు?"

"పొడి అయిపోయిందే. కొత్త డబ్బా రానీ. బయటివాళ్ళతోనైతే మాటపడాలి గానీ నువ్వు ఇంట్లో మనిషివే కదా."

"నేనూ ఏ లేని రాజ్యానికో రాణినైతే బాగుండేది."

"అదిగో, వెటకారం."

ఆవిడ శనివారం పొద్దున అలమారలోంచి తన అచ్చు తీసి, చేతిరుమాల్లో చుట్టుకుని, నన్ను తోడు రమ్మని రోడ్డు దాటింది. ఎదురుగా ఇంకో పళ్ళ షాపు ఉంది. అతనికీ ఈయనకూ మాటల్లేవు. అతను అచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది అన్నయ్య చేతి పనే. ఇంట్లో షాపు పెట్టుకుని నా దగ్గరికి తెచ్చారేంటి వదినా?"

"మీ అన్నయ్య రాజుల పనిలో ఉన్నారు బాబూ. మనుషుల పని నువ్వు చూడు."

అతను నవ్వలేదు. సాయంత్రానికి చేసిచ్చాడు.

సోమవారం నుంచి ఆవిడ ఆస్పత్రి కిటికీలో కూర్చుని, ఎడమకి తిరగండి, లిఫ్టు దాటాక రెండో గది అని గొంతెత్తి చెబుతోంది. ప్రదర్శనలో పీఠాలకు మంచి పేరొచ్చిందని ఆయన కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. నిన్న కొత్త పొడి డబ్బా వచ్చింది.

"నీ అచ్చు ఎక్కడో పెట్టానే. దొరగ్గానే చేసేస్తా" అన్నాడు, ఆవిడ మొహంలోకి చూస్తూనే.

"తొందరేం లేదండీ" అని ఆవిడ హాయిగా నవ్వింది.

ఆ ముందు పళ్ళు రెండూ ఎదురు షాపులో కట్టినవి. ఆ సంగతి వీధికీ తెలియదు, ఆయనకూ తెలియదు.