ఎండలో ఆరేయమన్న అక్క

మా అక్క పోయింది. మంగళవారం పొద్దున చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి ఒరిగిందట. అంతే. కబురు వచ్చేసరికి నేను ప్యాకింగ్ బల్ల దగ్గర ఉన్నాను. చేతిలో ఉన్న ప్యాకెట్టు మూసి, పక్కన పెట్టి, ఆ తర్వాత ఏడ్చాను. పని సగంలో వదిలేసి ఏడిస్తే ఆమె ఊరుకునే మనిషి కాదు.

ఆమె నాకు తోడబుట్టింది కాదు, మా కంపెనీ యజమాని. వయసులో మా అమ్మ కంటే పెద్దది. ఎల్బీనగర్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన రెండు గదులు తీసుకుని, ఆరుగురు ఆడవాళ్లం ఉతికి మళ్లీ వాడుకునే నెలసరి ప్యాడ్లు కుట్టి అమ్మేవాళ్లం. 'మేడం' అంటే పలికేది కాదు. "గీడ మేడం ఎవలు లేరు. అందరం అక్కజెల్లెండ్లమే" అనేది. అట్లా అందరికీ అక్క అయింది.

పుట్టింది పోచంపల్లి పక్క ఊళ్లో, మగ్గం పనివాళ్ల ఇంట్లో. ఏడో తరగతి వరకే చదివినా బట్ట గురించి ఆమెకు తెలియనిది లేదు. కొత్త తాను వస్తే మూడుసార్లు ఉతికి ఆరేస్తే తప్ప కత్తెర పెట్టనిచ్చేది కాదు. ఆరిందో లేదో వేళ్లతో కాకుండా చెంపకు ఆనించి చూసేది. "చేతికి అబద్ధం చెప్తది బట్ట, చెంపకు చెప్పది" అనేది.

నేను చేరినప్పుడు తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. మాది గుంటూరు వైపు. కొత్తపేటలో కిరాయికి ఉండేవాళ్లం. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం ఇది. ఇంట్లో మాత్రం 'రెడీమేడ్ బట్టల కంపెనీ' అని చెప్పాను. మొదటి రోజే అక్క నా చేతిలో రెండు ప్యాడ్లు పెట్టి, "ముందుగాల నువ్వు వాడు. వాడకుంట ఎట్ల అమ్ముతవ్?" అంది. నేను వాటిని పెట్టె అడుగున దాచేసి, నెల తర్వాత చాలా బాగున్నాయని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, "టిచ్ బటన్ ఎన్ని ఉన్నయి బిడ్డా?" అని అడిగింది. నీళ్లు నమిలాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నెలే వాడాను, ఆ తర్వాత ఇక మానలేదు.

కానీ సిగ్గు అంత తొందరగా పోలేదు. అదే మా కొంప ముంచబోయింది.

ప్యాకెట్టులో పెట్టే చీటీ రాయించే పని నాది. ఎలా ఉతకాలో, ఎలా ఆరేయాలో అక్క నోటితో చెప్పింది. "చల్ల నీళ్లల్ల నానబెట్టాలె. సబ్బు పోయేదాక జాడియ్యాలె. మంచి ఎండల ఆరెయ్యాలె." అది రాసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపుకి వెళ్లాను. టైపు చేసేది మగవాడు, నా వెనక వరుసలో నలుగురు మగవాళ్లు. మొదటి రెండు వాక్యాలు ఎలాగో గొణిగాను. మూడోది వచ్చేసరికి, ఈ ప్యాడ్లు నలుగురూ చూసే దండెం మీద వేలాడటం కళ్ల ముందు కనబడింది. మా ఇంట్లో నేనూ తువ్వాలు కింద దాచి ఆరేసేదాన్నే. నోరు రాలేదు. "ఎవరి కంటా పడకుండా నీడలో ఆరబెట్టండి" అని చెప్పేశాను. మర్యాదగా ఉందని కూడా అనుకున్నాను. అచ్చయిన చీటీలు మడిచి ప్యాకెట్లలో పెట్టేశాం. మాలో ఎవరూ వాటిని విప్పి చదవలేదు.

మా మొదటి పెద్ద ఆర్డరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌ది. జిల్లాల నుంచి కోచింగ్‌కి వచ్చిన పిల్లలు. వాళ్లు చీటీలో ఉన్నది ఉన్నట్టు చేశారు. వానాకాలం. మంచాల కింద తాళ్లు కట్టి, ట్రంకు పెట్టెల వెనక దాచి ఆరబెట్టారు. చెమ్మ పోకుండానే మళ్లీ వాడారు. వాసన, దురద, ఒకరిద్దరికి జ్వరం. వార్డెనమ్మ ఫోన్ చేసి, "మీ సరుకు మీరు పట్టుకుపోండమ్మా. పక్క హాస్టళ్లకి కూడా చెప్పేస్తాను" అంది. అదే జరిగితే మా పేరు వినేవాళ్లే ఉండరు. ఆ రెండు గదులకి తాళం పడుతుంది.

ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. అక్క చీర కుచ్చిళ్లు పైకి దోపి, "నడుద్దాం పా" అంది.

చైతన్యపురి దాటేసరికి రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు, ఉద్యమంలో అప్పుడు వంటావార్పు అనేవాళ్లు. నినాదాలు హోరెత్తుతున్నాయి. నా మాట తీరు వింటే ఏమంటారోనని బిక్కుబిక్కుమంటూ నడుస్తున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని నేరుగా వాళ్ల మధ్యకే తీసుకెళ్లి, జై తెలంగాణ అని, "మా బిడ్డ, ఆకలి మీదున్నది, జర అన్నం పెట్టుండ్రి" అంది. నడిరోడ్డు మీద కూర్చుని విస్తరాకులో పప్పన్నం తిన్నాం. అలా మా బిడ్డ అన్నాక ఇక దాచలేకపోయాను.

"అక్కా, చీటీ నేను మార్చాను. నీడలో ఆరేయమని రాయించాను."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎందుకు?"

"సిగ్గేసింది."

ఆమె నా విస్తరాకు నా ముందుకు జరిపింది. తిట్టినా బాగుండేది. "సిగ్గు నీకైంది, దురద ఆ పిల్లలకైంది. తిను. తిని పోయి గీ మాట వాళ్లకే చెప్దువు" అంది.

హాస్టల్ హాల్లో పిల్లలందరినీ కూర్చోబెట్టారు. అక్క ముందుకొచ్చి, "తప్పు మీది కాదు, బట్టది గూడ కాదు. తప్పు మా దిక్కు నుంచైంది" అంది. అక్కడితో ఆపి నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు. చెప్పాల్సింది నేనేనని ఎదురుచూసింది. లేచి, చీటీ ఎందుకు మార్చానో చెప్పాను. జిరాక్స్ షాపు, వెనక నిలబడ్డ మగవాళ్లు, మా ఇంట్లో తువ్వాలు, అన్నీ చెప్పాను. ఒకమ్మాయి మెల్లగా, "నేను గూడ తువ్వాలు కిందనే ఏస్త" అంది. ఇంకొకమ్మాయి, "నేను చున్నీ కింద" అంది. అట్లా హాలంతా పాకింది.

దురద వచ్చిన పిల్లల్ని లేడీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తానని మాటిచ్చాను. పాత ప్యాడ్లన్నీ వెనక్కి తీసుకుని కొత్తవి ఇస్తామని అక్క చెప్పింది. ఆరేయడానికి మేడ మీద ఒక దండెం కావాలని అడిగింది. వార్డెనమ్మ ఒప్పుకోలేదు. "ఎదురుగా మగపిల్లల హాస్టలండీ. కిటికీలన్నీ ఇటే" అంది.

"వాళ్ల బనీన్లు ఏడ ఆర్తున్నయమ్మా?" అని అడిగింది అక్క.

వార్డెనమ్మ కిటికీలోంచి చూసింది. ఎదురు మేడ నిండా బనీన్లే. నవ్వు ఆపుకోలేక, "సరే, ఒక నెల చూస్తాను" అంది. ఆ ఒక నెల ఇప్పటికీ అయిపోలేదు. ఆ హాస్టల్ నుంచే పక్క హాస్టళ్లకి, అక్కణ్నుంచి హయత్‌నగర్ దాకా మా ప్యాడ్లు పోయాయి. నన్ను ఉద్యోగంలోంచి తీసేయమని ఒకరిద్దరు అంటే, "ఇగ గీ తప్పు ఈమె జన్మల చెయ్యది. కొత్తామెను తెస్తే ఆమె మొదటి నుంచి చెయ్యాలె" అందట. కొత్త చీటీ అదే షాపులో, అదే మనిషికి, గట్టిగా చెప్పి టైపు చేయించాను. ఎక్కడ పనిచేస్తావని అడిగితే ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను. నా జీతం కంటే ఎక్కువగా ఆమె నాకిచ్చింది ఇదే, గర్వంగా చెప్పుకుంటున్నాను.

అక్క పోయిన మూడో రోజు మన్సూరాబాద్‌లో వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో షామియానా కింద చుట్టాలు కూర్చుని ఉన్నారు, ఎక్కువమంది మగవాళ్లే. అక్క భర్తను మేమందరం బావ అనే పిలుస్తాం. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. మూడు రోజులుగా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని కోడలు చెప్పింది. అంతలో పద్నాలుగేళ్ల మనవరాలు చిన్న బకెట్టుతో బయటికి వచ్చింది. అందులో ఉతికిన ప్యాడ్లు ఉన్నాయి. ఒక పెద్దాయన చూసి, "సావు ఇంట్ల గవేంది బిడ్డా? లోపట ఏడన్న ఏస్కో పో" అన్నాడు. పిల్ల గడప దగ్గరే ఆగిపోయింది.

బావ తలెత్తాడు.

"ఏడన్న ఎందుకు ఏస్తది? ఎండ ఈడున్నది."

ఆయన మెల్లగా లేచి దండెం దగ్గరికి నడిచాడు. దాని మీదున్న తన పంచెను తీసి భుజాన వేసుకుని, పిల్లకి చోటిచ్చి పక్కకి నిలబడ్డాడు. ఆ పిల్ల ఒక్కో ప్యాడ్ దులిపి, క్లిప్పు పెట్టి, అందరి ఎదుటా నిదానంగా ఆరేసింది.